పీడకలయు, మేను విడిచిన ప్రాణమును: బర్మామైన్స్ పరిసరముల నొక పదవిచారము

జంషెడ్‌పురమున టాటానగర్ రైలుస్టేషనునకును ఉక్కు కర్మాగారమునకును చేరువలో బర్మామైన్స్ అను పేట కలదు. బర్మాదేశపు బాడ్విన్ గనులను త్రవ్వించుచుండిన బర్మా కార్పొరేషన్ మొదటి ప్రపంచయుద్ధానంతరమున ఇచ్చట జింకును కరగించు కర్మాగారమును నిర్మింప దలపెట్టెను. ఆ కర్మాగారము సాగలేదు. పేరు మాత్రము పేటకు మిగిలినది. రంగూనుతో శ్రీకాకుళ, విశాఖ మండలములవారికి గల పూర్వపరిచయమును దలచి, ఆ దేశమునుండి మరలివచ్చిన తెలుగువారి మూలమున ఈ పేరు గలిగినదని యూహించుటకు మనసు తొందరపడును గాని, గ్రామనామ విచారమున ఇట్టి తొందర తగదు.

తెలుగువారు ఈ ప్రాంతమునకు వచ్చినది ఉక్కు కొరకు. టాటా ఇనుము ఉక్కు సంస్థ 1907లో స్థాపితమై, 1912లో తొలి ఉక్కును పోతపోసెను. ఎనిమిది గంటల పనిదినమును ఆ సంవత్సరముననే ఆ సంస్థ ప్రవేశపెట్టినది. సాక్చి అను పల్లె 1919లో జంషెడ్‌పురమైనది. ఉత్తరాంధ్ర మండలముల కుటుంబములు తరతరములుగా ఇచ్చట నెలకొని, బిష్టుపురమున రామమందిరమును గట్టుకొని, హిందీ, బెంగాలీ, ఒడియా, సంతాలీ, హో భాషల నడుమ తెలుగును నిలుపుకొనుచున్నవి. 2000వ సంవత్సరము నవంబరు 15వ తేదీని ఝార్ఖండ్ రాష్ట్ర మేర్పడువరకు ఈ ప్రాంతము బీహారులోనిది.

ఎనిమిది గంటల పనిదినము శ్రామికునకు మేలే చేసినది. అయితే కొలిమి ఆరని చోట దినమును మూడుగా విభజింపవలసినదే గదా. ఉదయపు పాళి, సాయంకాలపు పాళి, రాత్రి పది గంటలకు మొదలై తెల్లవారి ఆరు గంటలకు ముగియు పాళి, ఈ మూడింటి పేరు ఇచ్చటివారి నోట షిఫ్టు. షిఫ్టు మారినప్పుడెల్ల నిద్రవేళయు మారును. రాత్రి పనిచేసి వచ్చినవాడు ఎండ ఎక్కుచుండగా కిటికీ మూసికొని పండుకొనును. ఇచ్చట విచారింపబూనిన విషయమునకు ఈ నిద్ర ఒక తగిన ప్రవేశద్వారము.

ఆ విషయ మిది. నిద్రించువానికి కన్ను తెరవిడును. గది తెలియుచుండును, గోడ మీది క్యాలెండరు కనబడుచుండును, వంటయింట గిన్నెల చప్పుడు వినబడుచుండును. లేవబోయిన లేవలేడు. కాలు కదలదు, చేయి కదలదు, పిలువబోయిన నోరు పెగలదు. ఎవరో గదిలో నున్నట్లు, మంచము దాపునకు వచ్చినట్లు, తుదకు ఱొమ్ముపై నెక్కి కూర్చున్నట్లు తోచును. ఊపిరి ఆడదు. కొన్ని క్షణములకో, ఒకటి రెండు నిమిషములకో కట్టు తెగినట్లు శరీరము కదలును. ఆవల మిగులునది చెమట, గుండెదడ, ఇది కల కాదు అను గట్టి నమ్మకము. మరికొందరికి భారమునకు బదులు తేలిక గలుగును. తాము గాలిలో తేలుచున్నట్లును, కప్పు దాపునుండి క్రింద మంచముపై నున్న తమ శరీరమునే తాము చూచుచున్నట్లును తోచును. మొదటిదానిని వైద్యులు నిద్రా పక్షవాతమను పేరను, రెండవదానిని దేహబాహ్యానుభవమను పేరను వ్యవహరింతురు. ఈ రెండును ఒకే తలుపునకు రెండు రెక్కల వంటివని పరిశోధకు లిప్పుడు తలచుచున్నారు.

దీనికి తెలుగున వాడుకలోనున్న పేరేమి? విచిత్రమేమనగా, అందరికి తెలిసిన ఏకపద మొక్కటియు లేదు. అడిగినచో తెలుగువాడు నామవాచకము చెప్పడు, వాక్యము చెప్పును. గుండెల మీద ఎవరో కూర్చున్నట్లయినదనును, దయ్యము అదిమి పట్టినదనును, కాలు చేయి ఆడలేదనును. పేరులేని వస్తువును వర్ణనతో చూపుట భాషలందు కొత్తగాదు. అయినను ఇంత సామాన్యమైన అనుభవమునకు పేరు మొదటినుండియు లేదా, లేక ఉన్న పేరు జారిపోయినదా అను ప్రశ్న పదశాస్త్రజ్ఞునకు తప్పదు.

జారిపోయినదని తలచుటకు ఒక ఆధారము కలదు. అది పీడకల అను మాట. నేడు ఈ మాటకు చెడ్డకల అని మాత్రమే అర్థము. పరీక్ష తప్పినట్లు కల వచ్చినను పీడకలయే. కాని సంస్కృతమున పీడ్ ధాతువునకు ప్రధానార్థము నొక్కుట, పిండుట. పాణిపీడనమనగా చేతిని నొక్కిపట్టుట. అందుచేతనే అది వివాహవాచక మైనది, వధువును బాధించుటచేత గాదు. నిష్పీడనమనగా పిండుట. నొక్కుటనుండి బాధించుట తరువాతి అర్థము. కావున పీడకల తొలుత నొక్కెడు కల, ఱొమ్ముపై భారమై కూర్చుండు కల కావచ్చునని యూహింపవచ్చును. ఇది ఊహయే. తెలుగున పీడ అను మాట చిరకాలముగా ఆపద, గ్రహబాధ అను అర్థముననే స్థిరపడినది. పీడ విరగడయ్యె నన్నప్పుడు నొక్కుడు ఎవరికిని స్ఫురింపదు. తత్సమముతో దేశ్యమగు కల చేరి సమాసమగు నాటికి పూర్వార్థము ఎంత మిగిలియుండెనో నిర్ణయింప జాలము. కాని ఇతర భాషలవైపు చూచినచో ఈ ఊహకు కొంత బలము చేకూరును.

ఇంగ్లీషున నైట్‌మేర్ అనునది ఇట్టి మాటయే. అందలి మేర్ అనునది ఆడుగుఱ్ఱము కాదు. ప్రాచీనాంగ్లమున నిద్రించువాని ఱొమ్ముపై నెక్కి త్రొక్కు భూతవిశేషము. జాన్సన్ పండితుడు 1755 నాటి తన నిఘంటువున ఈ మాటకు రాత్రివేళ ఱొమ్ముపై బరువు పెట్టినట్లు తోచు వ్యాధియనియే అర్థము చెప్పియున్నాడు. అటుపిమ్మట అది పలుచబడి ఏ చెడ్డకలకైనను చెల్లినది. ఫ్రెంచి మాట కోష్మార్‌లో మొదటి భాగము త్రొక్కుట అను అర్థముగల ధాతువునుండి వచ్చినది. జర్మనులు ఆల్ప్ అను భూతము యొక్క ఒత్తిడి యందురు. తురుష్కుల కరబసాన్ అనగా నల్లనై నొక్కునది. అరబ్బీలో జాసూమ్ అనునది మీద చతికిలబడు దానికి పేరు. చీనావారు దయ్యము ఒంటిపై నొక్కుట యందురు. ఇందరు ఒకరినొకరు ఎరుగకయే నొక్కుట, త్రొక్కుట అను క్రియను పట్టుకొనిరి. పీడకల కూడ ఆ వరుసలోనిదైనచో ఆశ్చర్యపడ నక్కరలేదు. పైగా ఇంగ్లీషు మాటకు పట్టిన గతియే మన మాటకును పట్టినదని చెప్పవచ్చును: పేరు చెడ్డకలలకు పోయినది, అనుభవము పేరులేనిదై మిగిలినది.

దేశభాషలలో తమిళము ఈ విషయమున మనకంటె స్పష్టమైనది. అముక్కువాన్ అనగా అదుమువాడు. కన్నడమున అముకు అను క్రియ యున్నది. తెలుగున ఆ పనికి అదుము అను మాట చాలును. అయితే తమిళమున క్రియనుండి కర్త పుట్టినాడు, ఆ కర్తకు దయ్యపు పదవి దొరికినది. తెలుగున అదుముట జరిగినది గాని, అదుమువాడను పేరుగల దయ్యము నిలువలేదు.

బర్మామైన్స్‌లోని తెలుగువారి చెవిని నిత్యము సోకునది మాత్రము తమిళము కాదు, బెంగాలీ. అందు ఈ అనుభవమునకు బోబాయ్ ధరా అని పేరు. బోబా యనగా మూగ. మూగది పట్టుకొనుట అని అర్థము. ఈ మాట అందము మెచ్చదగినది. మిగిలిన భాషలు బరువును చూడగా, బెంగాలీ గొంతును చూచినది. పట్టుకొన్న భూతము మూగది, పట్టుబడినవాడును మూగవాడే. జపానువారి కనశిబరి అనునది లోహముతో బంధించినట్లగుట. అది బరువును గాక కట్టును చూచినది. ఒకే అనుభవపు మూడు లక్షణములలో ఒక్కొక్క భాష ఒక్కొక్కదానిని పేరునకు ఎన్నుకొన్నది. తెలుగు వాక్యము మూడింటిని వల్లించి ఏ ఒక్కదానిని ఎన్నుకొనలేదు.

ఇక శరీరశాస్త్రమేమనుచున్నది? ఈ స్థితిని 1876లో అమెరికా వైద్యుడు వియర్ మిచెల్ వర్ణించెను. 1928లో లండను వైద్యుడు కినియర్ విల్సన్ దీనికి ఇప్పటి ఇంగ్లీషు పేరు పెట్టెను. కారణము తెలియుటకు మరికొంత కాలము పట్టినది. 1953లో షికాగోలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను వారు నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు దశ యొకటి మాటిమాటికి వచ్చుచుండునని కనుగొనిరి. స్పష్టమైన కలలకు ముఖ్యస్థాన మదియే. తరువాత కొలది ఏండ్లకే ఫ్రాన్సున మిషెల్ జూవే పిల్లులపై పరిశోధించి, ఆ దశలో శరీరపు కండరములు పూర్తిగా పట్టు సడలియుండుననియు, ఆ యాజ్ఞ మెదడు కాండమునుండి వెలువడుననియు చూపెను. కలలో పరుగెత్తువాడు మంచము దిగి పరుగెత్తకుండుటకు ప్రకృతి చేసిన కట్టడి యిది. కనుగ్రుడ్లకును ఊపిరి నాడించు విభాజకపటలమునకును మాత్రము ఈ కట్టడినుండి మినహాయింపు గలదు.

సామాన్యముగా తెలివియు కదలికయు ఒక్కమారే మరలివచ్చును. ఎప్పుడైన తెలివి ముందు వచ్చి, కట్టడి తొలగుట ఆలస్యమైనచో మనసు మేలుకొన్నది, మేను మేలుకొనలేదు. తెలుగున ఒడలు తెలియని నిద్ర అను నుడికారము కలదు. ఇది దానికి సరిగా తలక్రిందైన స్థితి. ఒడలు నిద్రించుచున్నదని తెలిసిన మెలకువ యిది. ఊపిరి ఆడుచునే యుండును గాని, ప్రక్కటెముకల నడిమి కండరములు సడలియుండుటచేత గట్టిగా గాలి పీల్చుకొన బోయిన సాధ్యము కాదు. ఆ విఫలప్రయత్నమే ఱొమ్ముపై బరువై తోచును. కలల యంత్రము ఇంకను పూర్తిగా ఆగలేదు కావున ఆ బరువునకు ఒక ఆకారమును గూడ అది కల్పించును. భయమును పుట్టించు మెదడు భాగములు ఆ దశలో చురుకుగా నుండుటచేత ఆకారము సామాన్యముగా దయగలది కాదు. కెనడా పరిశోధకుడు అలన్ చెయిన్, ఆతని తోడివారు 1999లో ఈ అనుభవములను మూడు తెగలుగా విభజించిరి: ఎవరో వచ్చినట్లుండుట, ఎవరో నొక్కుచున్నట్లుండుట, శరీరము తేలిపోవుచున్నట్లుండుట. పైని చెప్పిన భాషాభేదముల ప్రక్కన ఈ విభాగమును ఉంచి చూచిన ముచ్చట గొలుపును. ప్రజలు పేర్లతో చేసిన పనిని పండితులు ప్రశ్నపత్రములతో మరల చేసిరి.

ఇది అరుదైన రోగము కాదు. 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అనువారు అంతకుముందటి 35 పరిశీలనలను జోడించి లెక్కింపగా, సామాన్యజనమున నూటికి 7.6 మందికిని, విద్యార్థులలో 28.3 మందికిని జీవితమున ఒక్కమారైనను ఇది కలిగియున్నట్లు తేలెను. జపానులో ఫుకుదా మొదలైనవారు 1987లో విద్యార్థుల నడుగగా సుమారు నూటికి నలువదిమంది ఔననిరి. ఆ దేశమున దానికి అందరెరిగిన పేరుండుటయు ఈ సంఖ్యకు కొంత కారణము కావచ్చును. పేరున్నచో ఔననుట సులభము.

నిద్ర చాలకుండుట, నిద్రవేళ తప్పుచుండుట, వెల్లకిల పరుండుట దీనికి అనుకూలములు. 1992లో తకేవుచి, ఫుకుదా మొదలైన జపాను పరిశోధకులు నిద్రించువారిని నడుమ లేపి మరల నిద్రింపజేసి ఈ స్థితిని ప్రయోగశాలలోనే పుట్టించిరి. కలనిద్రకు మెదడు మిక్కిలి మొగ్గుచూపు సమయము వేకువయు ప్రొద్దుటి గంటలును. రాత్రి పాళి ముగించి ఉదయము పరుండువాడు మొదటి గాఢనిద్రను చాలినంతగా పొందకముందే కలనిద్రలో అడుగిడవచ్చును. వీథిలోని కూరగాయల బండివాని కేకకు సగము మెలకువ వచ్చినచో మెలకువకును కట్టడికిని పొత్తు తప్పును. కావున షిఫ్టు మారుచుండు కార్మికుల పేటలలో ఈ అనుభవమును వెదకుట అసంగతము కాదు. దయ్యము అర్ధరాత్రముననే గాక మిట్టమధ్యాహ్నమున గూడ తిరుగునని తెలుగుపల్లెలలో పిల్లలను వెరపించుట అందరెరిగినదే. పగటి నిద్రవాని పడకకు వచ్చుటకు దానికి అడ్డమేమియు లేదు.

ఇనుము దయ్యమునకు విరుగుడని మన దేశమున నలుమూలల నమ్మకము. దిండు క్రింద కత్తియో, మేకో పెట్టుకొని పరుందురు. దేశమునకే ఇనుము కరగించి పంపెడు ఊరిలోను ఈ మేకు అవసరము తీరలేదు. పడుకొనుముందు హనుమంతుని, గరుత్మంతుని, భీముని పేళ్లుగల శ్లోకమును పిల్లలచేత చదివించుటయు ఈ భయమునకు చేసిన వైద్యమే. బలముగలవారిని తలచినచో ఒంటిలో బలముడుగు వేళ ధైర్యము కలుగును. వేదకాలమునుండియు ఈ చింత యున్నదనుటకు ఋగ్వేదము పదవ మండలములోని దుస్స్వప్ననాశన సూక్తము సాక్ష్యము.

ఇక రెండవ రెక్క, మేను విడుచుట. తెలుగు పలుకుబడి ఇచ్చట పేదది కాదు. భయపడినవానికి పైప్రాణములు పైననే పోవును. ఆనందించినవాడు మైమరచును, అనగా మేనును మరచును. బొందితో స్వర్గమునకు పోవుట అనునప్పుడు, బొంది లేకుండ పోవుట సామాన్యమనియు బొందితో పోవుటయే విశేషమనియు భాష ముందే ఒప్పుకొన్నది. శరీరమొకటి, దానిలో నివసించు వాడొకడు అను భావము ఇన్ని నుడికారములలో అల్లుకొని యున్నది.

శాస్త్రములలో ఈ భావమునకు ప్రౌఢరూపము గలదు. బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయమున స్వప్నమును ఇహపరముల నడిమి సంధిస్థానముగా చెప్పినది. పురుషుడు ప్రాణముచేత క్రింది గూటిని కాపాడుకొనుచు గూటి వెలుపల విహరించుననియు, నిద్రించువానిని తటాలున లేపరాదని పెద్దలందురనియు, ఆతడు తిరిగి చేరుకొనని భాగమునకు చికిత్స కష్టమనియు ఆ ప్రకరణము చెప్పుచున్నది. హఠాత్తుగా లేచినవాని శరీరములో ఒక భాగము వెంటనే వశము కాదని గమనించినవారెవరో ఈ మాటకు వెనుక నున్నారు. యోగసూత్రముల విభూతిపాదమున పరశరీరావేశమును, మహావిదేహయను వృత్తియు సిద్ధులలో చేరినవి. అయితే యోగి తాను కోరి సాధించునది సిద్ధి. షిఫ్టు దిగి పండుకొన్నవానికి కోరకయే కలుగునది వేరు. రెండింటిని ఒక్కటిగా గట్టి, నిద్రలో తేలినవాడు యోగసిద్ధుడనుట గాని, యోగశాస్త్రమంతయు నిద్రారోగమనుట గాని విచారము కాదు, తొందరపాటు.

కథలలో ఈ భావము మరొక మలుపు తిరిగినది. శంకరులు అమరుక మహారాజు కళేబరమున ప్రవేశించినప్పుడు తమ శరీరమును శిష్యుల కావలిలో నుంచిరని శంకరవిజయ కథ. విక్రమార్కుని కథలలో వదలిన దేహమును మరొకడు దొంగిలించును. పరకాయప్రవేశ కథల కెల్ల కీలకము ప్రవేశము కాదు, వెనుక వదలిన కాయమునకు కావలి. దీనికి సాటియగు కథ బర్మామైన్స్‌కు ఇరుగుపొరుగువారగు సంతాలులలో కలదు. ఫ్రేజర్ తన స్వర్ణశాఖ గ్రంథమున దానిని చేర్చినాడు. ఒకడు నిద్రించుచుండగా దప్పిక కలిగి, ఆతని ప్రాణము బల్లిరూపమున వెడలి నీటికుండలో దూరెను. అంతలో కుండగలవాడు మూత పెట్టెను. ప్రాణము తిరిగి రాలేదు, వాడు మరణించెను. దహనమునకు సిద్ధపరచుచుండగా ఎవరో కుండ మూత తీసిరి, బల్లి వెడలివచ్చి శరీరమును చేరెను, చచ్చినవాడు లేచెను. తాను నూతిలో పడి బయటికి రాలేక పోయితినని చెప్పెను. ఊపిరి ఆడకుండుట, చీకటి, వెలుపలికి రాలేకుండుట, ఉన్నట్లుండి విడుదల, ఇవి యన్నియు ఈ కథలో నున్నవి. ఇది నిద్రలో బిగుసుకొన్న వాడెవడో చెప్పిన కథయని నిరూపింపలేము గాని, అట్టివాడు విన్నచో తన కథయే యనుకొనును. నిద్రించువాని ముఖమునకు రంగుపూసి మార్చుట హత్యతో సమానమని బొంబాయి ప్రాంతమున నమ్మెదరని గూడ ఫ్రేజర్ వ్రాసెను. తిరిగివచ్చిన ప్రాణము తన ఇంటిని గుర్తుపట్టదట.

దేహబాహ్యానుభవమునకు మెదడులో ఒక స్థానమున్నదని 2002లో తెలియవచ్చినది. జెనీవాలో ఓలాఫ్ బ్లాంకె, ఆతని సహచరులు మూర్ఛరోగి యొకతె మెదడు కుడిభాగమున, కణత పార్శ్వ ఖండములు కలియు చోటికి దాపున విద్యుత్తును ప్రసరింపజేయగా, ఆమె తన శరీరమును పైనుండి చూచుచున్నట్లు చెప్పినది. కంటికి కనబడునది, ఒంటికి తెలియునది, చెవిలోపలి తులాయంత్రము చెప్పునది, ఈ మూడును అచ్చట కలిసి నేనిచ్చట నున్నాను అను ఎరుకగా మారును. ఆ లెక్క తప్పినచో నేను ఒకచోట, మేను ఒకచోట అగును. 2007లో లెంగెన్‌హాగర్, బ్లాంకె మొదలైనవారును, వేరుగా ఎర్‌సన్‌యు, ఆరోగ్యవంతులకే కెమెరాల సహాయమున ఇట్టి భ్రాంతిని కొంత కలిగింపగలిగిరి. నిద్రలో బిగిసినవానికి ఒంటినుండి వార్త లేదు, తులాయంత్రము కలకు లోబడియున్నది; కావున తేలిక తోచుట వింతగాదు. దీనివలన ఆత్మ కలదో లేదో తేలలేదు. తేల్చుటకు ఆ ప్రయోగములు ఉద్దేశింపబడినవియు కావు.

ఇంతవరకు చెప్పినది పండితులకు వినోదమనిపించవచ్చును. కాని పేరు పెట్టుటలో ప్రాణములు చిక్కిన సందర్భములు గలవు. అమెరికాలోని సేలమ్ పట్టణమున 1692లో బ్రిజెట్ బిషప్ అను స్త్రీపై మంత్రగత్తె యను నేరము మోపినప్పుడు, జాన్ లౌడర్ అనువాడు తాను రాత్రి మేలుకొనగా ఆమె తన పొట్టపై కూర్చుండి ఊపిరాడనీయలేదని సాక్ష్యము చెప్పెను. ఆ సంవత్సరము జూన్ 10న ఆమెను ఉరితీసిరి. సాక్షి అబద్ధమాడినాడనుకొన నక్కరలేదు. ఆతడు చూచినది చూచినట్లు చెప్పియుండవచ్చును. కర్తలేని క్రియకు కర్తను వెదకుటలో, పొరుగునున్న ముఖమొకటి దొరికినది.

ఈ చరిత్ర సింగ్‌భూమికి దూరమైనది కాదు. ఈ ప్రాంతమున డాయన్ అను ముద్ర వేసి స్త్రీలను హింసించుట, చంపుట నేటికిని పూర్తిగా ఆగలేదు. దీనిని అరికట్టుటకు బీహారున 1999లో చట్టము చేయబడి, 2001లో ఝార్ఖండ్ రాష్ట్రమున గూడ అమలునకు వచ్చినది. తానే ఆ ముద్రకు గురియై, తరువాత దానిపై పోరాడిన ఛుట్నీ దేవికి 2021లో పద్మశ్రీ లభించినది. ఆమె పొరుగు జిల్లాయగు సరాయికేలా ఖర్సావా వాస్తవ్యురాలు. ఇట్టి హింసకు భూమితగవులు, రోగములు, అసూయలు మూలములు. నిద్రలోని భయమే మూలమనుట సరికాదు. కాని రాత్రి నా ఱొమ్ముపై కూర్చున్నది ఫలానా ఆమె యని ఒకడు ఒట్టువేసి చెప్పినప్పుడు, ఆ మాటకు విలువ కట్టవలసినవారు ఈ స్థితిని గూర్చి ఎరిగియుండుట అవసరము. తెలుగునాట చేతబడి, బాణామతి యను మాటలు చేసిన అనర్థములు తెలిసినవారికి దీనిని విప్పి చెప్పనక్కరలేదు.

భయము స్వయముగా హాని చేయగలదనుటకు హ్మాంగ్ జాతివారి ఉదంతమును చూపుదురు. లావోస్ దేశమునుండి అమెరికాకు శరణార్థులై వచ్చిన ఈ జాతి పురుషులు, ఆరోగ్యవంతులే, 1977 మొదలుకొని నిద్రలో హఠాత్తుగా మరణింపసాగిరి. ఇతర ఆగ్నేయాసియా వాసులతో కలిపి మృతులు నూరుమందికి మించిరి. వంశానుగతమైన గుండెలయ దోషము ముఖ్యకారణమని తరువాత తెలిసినది. ఱొమ్ముపై నొక్కు దాబ్ చోగ్ అను భూతమును గూర్చిన భయము, క్రొత్త దేశమున దానికి విరుగుడు పూజలు చేసికొనలేక పోవుటయు ఆ దోషమునకు తోడైనవని షెల్లీ ఆడ్లర్ 2011 నాటి గ్రంథమున వాదించినది. ఈ వాదమునందలి రెండవ భాగము నిర్ధారణ కాలేదు గాని, వలస వచ్చినవాడు తన భయమును తెచ్చుకొని దాని మందును ఊరిలో మరచివచ్చుననుట బర్మామైన్స్ వంటి పేటల నెరిగినవారు తోసివేయరాని మాట.

కావున తెలుగున దీనికి తగిన పేరు కావలెను. వైద్యపుస్తకములలో కనబడు నిద్రా పక్షవాతము రెండు విధముల చెడ్డది. పక్షమనగా ఒక ప్రక్క. ఈ స్థితి ఒక ప్రక్కది కాదు, రెండు ప్రక్కలది. అంతకంటె ముఖ్యముగా, పక్షవాతమను మాట విన్న తెలుగుకుటుంబము వారము రోజులు అన్నము తినదు. తనంత తాను నిమిషములో తొలగు స్థితికి ఆజన్మము మంచము పట్టించు రోగము పేరు పెట్టుట న్యాయము కాదు. నిద్రాస్తంభనము అందురా, స్తంభనము తంత్రశాస్త్రమున షట్కర్మలలో నొకటి, మారణ ఉచ్చాటనముల తోబుట్టువు. ఆ పేరు పెట్టినచో స్తంభింపజేసిన దెవరు అను ప్రశ్నను మనమే అందించినవార మగుదుము. నిద్రాబంధమునకును ఆ దోషమే: బంధమున్న బంధించువాడుండవలెను. బోబాను బెంగాలీనుండి తెచ్చుకొందమా, భూతమును గూడ తెచ్చుకొనవలసి వచ్చును.

తెలుగున రెండు మంచి క్రియలు గలవు: మ్రాన్పడుట, కొయ్యబారుట. మ్రాను చెట్టు, కొయ్య కట్టె. రెండింటను శరీరము కట్టెవలె కదలకుండుటయే అర్థము. రెండును అకర్మకములు. కొయ్యబారినవాని నెవడును కొయ్యబార్చలేదు, చేయి తిమ్మిరెక్కినట్లే తనంత తాను జరిగినది. మ్రాన్పడుట కావ్యభాషకు దగ్గర, నేటివారికి దూరము. ఆశ్చర్యము కూడ దానిలో కలిసియున్నది. కొయ్యబారుట ఇంటిలో నున్న మాట. నిద్రలో కొయ్యబారుట యనినచో ముసలమ్మకును తెలియును, వైద్యునకును చెల్లును. శాస్త్రగ్రంథములకు సంస్కృతరూపము తప్పనిసరియైనచో నిద్రాజడత యనవచ్చును. జడమను మాట రోగమును చెప్పదు, కర్తను అడుగదు.

పదము నిలుచుటకు కోశములో చేరుట మాత్రము చాలదు. కార్మికుల ఆసుపత్రులలో, పాఠశాలలలో, రాత్రి పాళివారికి చెప్పు ఆరోగ్యబోధలలో అది నలుగవలెను. బోధింపవలసినది గూడ కొద్దియే: నిద్రవేళను సాధ్యమైనంత స్థిరముగా నుంచుకొనుట, ప్రక్కకు తిరిగి పరుండుట, పట్టినప్పుడు పెనుగులాడక వ్రేలికొనయో కాలిబొటనవ్రేలో కదల్ప ప్రయత్నించుట, ఊపిరి తన పని తాను చేయుచున్నదని గుర్తుంచుకొనుట. మాటిమాటికి వచ్చుచు పగలు ఆపుకొనలేని నిద్రయు తోడైనచో అది వేరొక వ్యాధికి సూచన కావచ్చును గాన వైద్యునకు చూపవలెను. దిండు క్రింది ఇనుపమేకును తీసివేయు మని ఎవరును చెప్ప నవసరము లేదు.